తడి గడ్డి మీద నిలబడి వ్యాను తలుపు పట్టుకుంటే జివ్వుమంది: క్యాంపుసైట్ హుకప్, అడాప్టర్ల సంగతి చెప్పండి

గోదారిగట్టు | లీడ్స్ | ఆదివారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. ఇక్కడ చాన్నాళ్లుగా చదువుతున్నానే గానీ రాయడం ఇదే మొదలు.

పోయినేడు ఒక పాత ప్యానెల్ వ్యాను కొని, శనాదివారాలు కూర్చుని మంచం, వంటగట్టు, ఫ్రిజ్ అన్నీ మేమే అమర్చుకున్నాం. కరెంటు పని మాత్రం ఒకతని చేత చేయించాను. ఇంగ్లండ్, స్కాట్లండ్ సైట్లలో ఇబ్బందేం లేదు. హుకప్ అంటే సైటులో కరెంటు ఇచ్చే స్తంభం, అందులో నీలం ప్లగ్గు గుచ్చడం, తిప్పడం, అంతే.

ఇప్పుడు ఫ్రాన్స్‌లో ఉన్నాం. మొన్న ఒక రైతు పొలంలో దిగాం. పెద్దాయన చాలా మర్యాదగా కొట్టం గోడకున్న చెక్కబోర్డు చూపించాడు. అందులో రెండు రంధ్రాల సాకెట్ ఒకటి. నా సంచీలో నీలం కేబులుకి తగిలించుకునే రెండు పిన్నుల అడాప్టర్ ఉంది. పెట్టేశాను. చార్జర్ పనిచేసింది, సంతోషం.

సాయంత్రం వాన పడి వెలిసింది. చెప్పుల్లేకుండా గడ్డి మీదికి దిగి తలుపు పిడి పట్టుకుంటే వేళ్లలో జివ్వుమంది. షాక్ అనలేను, చీమలు పాకినట్టు. మా ఆవిడతో చెప్తే "స్టాటిక్ అయ్యుంటుంది లెండి" అంది. ఆవిడ పట్టుకుంది. ఆవిడకీ జివ్వుమంది. అప్పుడు స్టాటిక్ మాట మానేసింది. వెంటనే పీకేశాను.

మర్నాడు మామూలు క్యాంపుసైటుకి మారాం. ఇక్కడ నీలం సాకెట్ ఉంది గానీ 6 ఆంపులే. రైస్ కుక్కర్ మీద అన్నం అవుతుంటే టీకి కెటిల్ పెట్టాను. నీళ్లు సగం కాగేసరికి ఠప్. స్తంభం పెట్టెకి తాళం, ఆఫీసు మూసేశారు. తెల్లారేదాకా ఫ్రిజ్ లేదు, పెరుగు పులిసిపోయింది.

ఆ జివ్వుమనడం ఏమిటి? నా దగ్గర ఏ అడాప్టర్లు ఉండాలి? ఇంకా మూడు వారాల యాత్ర ఉంది.

ఎర్తుపిన్ను | బర్మింగ్‌హామ్ | ఆదివారం రాత్రి 9:40

వాయిదా వేసే విషయం కాదు కాబట్టి ముందు ఒక మాట. ఆ అడాప్టర్‌ని అలాంటి చెక్కబోర్డులో మళ్లీ పెట్టకండి.

ఆ సాకెట్‌లో రంధ్రాలు రెండే ఉన్నాయా, లేక పైన ఒక లోహపు పిన్ను బయటికి పొడుచుకుని ఉందా? ఫ్రాన్స్‌లో ఎర్తు ఉన్న సాకెట్‌కి ఆ పిన్ను ఉంటుంది. ఎర్తు ప్లగ్గులో కాకుండా సాకెట్‌లోనే ఉంటుందన్నమాట.

గోదారిగట్టు | ఆదివారం రాత్రి 9:44

రెండు రంధ్రాలే అండీ. పిన్నేం లేదు.

ఎర్తుపిన్ను | ఆదివారం రాత్రి 10:15

అయితే ఎర్తు లేదు. పాతకాలపు సాకెట్. మీ అడాప్టర్ ప్లగ్గు ఆకారాన్నే మార్చింది, అవతల లేని ఎర్తుని పుట్టించలేదుగా.

జివ్వుమనడం ఎందుకంటే: మీ బ్యాటరీ చార్జర్ లోపల ఫిల్టర్ కండెన్సర్లు ఉంటాయి. ఫేజు నుంచి ఒకటి, న్యూట్రల్ నుంచి ఒకటి బాడీకి కలిసి ఉంటాయి. ఎర్తు ఉంటే ఆ కొద్దిపాటి లీకేజీ నేలలోకి పోతుంది, మీకు తెలియను కూడా తెలియదు. ఎర్తు లేకపోతే ఆ రెండు కండెన్సర్లూ చెరిసగం పంచుకుని మీ వ్యాను ఇనుమంతా సుమారు 115 వోల్టుల దగ్గర తేలుతూ ఉంటుంది. దాని వెనక కరెంటు మిల్లీ ఆంపు అటూ ఇటూ మాత్రమే, అందుకే చీమలు. ఆర్‌సీడీ (కరెంటు లీకైతే కట్ చేసే మీట) 30 మిల్లీ ఆంపులు దాటితేగానీ కదలదు, అందుకే అది నోరు మెదపలేదు.

చీమలు మనిషిని చంపవు. ఎర్తు లేదని మీకు ముందుగా చెప్పి వెళ్లాయి, అంతే. ఇదే స్థితిలో వ్యాను లోపల ఏ స్క్రూ గీసుకునో ఫేజు వైరు రేకుకి తగిలిందనుకోండి. టైర్లు రబ్బరు, కరెంటు నేలలోకి పోయే దారి లేదు. ఆర్‌సీడీకి లీకేజీ కనపడదు, లైట్లు హాయిగా వెలుగుతుంటాయి, వ్యాను మొత్తం 230 వోల్టుల మీద నిలబడి ఉంటుంది. తడి గడ్డి మీద నిలబడి మొదట తలుపు పట్టుకున్నవాడే దారి అవుతాడు.

వ్యాన్‌వదిన | గ్లాస్గో | ఆదివారం రాత్రి 10:31

అప్పుడు ఆర్‌సీడీ పడిపోతుంది కదా అన్నయ్యా? ఆర్‌సీడీ ఉంటే ఎర్తు లేకపోయినా ఫర్వాలేదని మా ఫేస్‌బుక్ గ్రూపులో ఒకాయన గట్టిగా వాదించాడు.

ఎర్తుపిన్ను | ఆదివారం రాత్రి 10:50

పడిపోతుందమ్మా. మనిషి ఒంట్లోంచి కరెంటు పోవడం మొదలయ్యాక పడిపోతుంది. మంచి ఆర్‌సీడీ అయితే 150 మిల్లీ ఆంపుల దగ్గర 40 మిల్లీ సెకన్ల లోపు కట్ చేయాలి, చాలామంది బతుకుతారు. ఎర్తు ఉంటే ఫేజు రేకుకి తగిలిన ఆ క్షణమే, ఎవరూ ముట్టుకోకముందే పడిపోయేది. ఎర్తు లేకుండా ఆర్‌సీడీని నమ్ముకోవడమంటే దాని టెస్ట్ బటన్‌గా మన పిల్లల్ని వాడుకోవడం. పైగా రెండేళ్లు టెస్ట్ బటన్ నొక్కని ఆర్‌సీడీ లోపల బిగుసుకుపోయి ఉండొచ్చు. వదినా, మీది ఎప్పుడు నొక్కారు?

వ్యాన్‌వదిన | ఆదివారం రాత్రి 10:52

...రేపు పొద్దున నొక్కుతాను.

టెక్సాస్_తాతయ్య | డాలస్ | సోమవారం తెల్లవారుజాము 3:20

మీ దేశాల నీలం ప్లగ్గు సంగతి నాకు తెలీదు గానీ అడాప్టర్ అనే మాట వింటేనే నాకు చెయ్యి కాలుతుంది. రిటైరయ్యాక నేనూ మా ఇంటావిడా చిన్న ఆర్‌వీ (ఇల్లులాంటి బండి) ఒకటి కొన్నాం. ఇక్కడ సైట్లలో రెండు రకాల సాకెట్లు. 30 ఆంపులది మూడు పిన్నులు, 120 వోల్టులు, అంటే 3,600 వాట్లు. 50 ఆంపులది నాలుగు పిన్నులు, 120 చొప్పున రెండు హాట్ (ఫేజు) వైర్లు, 12,000 వాట్లు. పేర్లు చూస్తే రెట్టింపు కూడా కాదు, తీరా సామర్థ్యం మూడింతలకు పైనే.

నాకు దెబ్బ తగిలింది ఇంట్లోనే. గరాజ్‌లో ఆర్‌వీకి 30 ఆంపుల సాకెట్ పెట్టమని ఒక ఎలక్ట్రీషియన్‌ని పిలిచాను. 30 ఆంపులు అనగానే బట్టలారబెట్టే డ్రయర్‌కి ఇచ్చినట్టు రెండు హాట్ వైర్లూ తెచ్చి 240 ఇచ్చేశాడు. నేను ప్లగ్గు పెట్టాను. మైక్రోవేవ్ గడియారం ఒక్క క్షణం మిలమిలా మెరిసి ఆరిపోయింది, ఆ వెంటే కన్వర్టర్ (బ్యాటరీ నింపే పెట్టె) లోంచి కాలిన చేప వాసన. టీవీ కూడా పోయింది. ప్లగ్గు పెట్టేముందు మీటరు పెట్టి చూసుంటే అర నిమిషం పని.

అప్పటి నుంచి ఏ స్తంభం దగ్గరైనా ముందు టెస్టర్ గుచ్చుతాను. వోల్టేజీ తేడా వచ్చినా, ఎర్తు లేకపోయినా కరెంటుని వ్యానులోకే రానివ్వని పెట్టె ఒకటి దొరుకుతుంది, అదీ కొన్నాను. మా ఇంటావిడ దాన్ని కాపలాకుక్క అంటుంది.

పప్పుచారు | బ్రిస్టల్ | సోమవారం ఉదయం 8:05

గోదారిగట్టు గారూ, మీ 6 ఆంపుల లెక్క నేను చెప్తాను, అందులో నాకు పీహెచ్‌డీ ఉంది. 230 పెట్టి 6ని గుణిస్తే 1,380 వాట్లు, అదే మీ మొత్తం ఆస్తి. మామూలు కెటిల్ ఒక్కటే 2,200, అంటే తొమ్మిదిన్నర ఆంపులు. కుక్కర్ 500. రెండూ కలిపి పన్నెండుకి దగ్గర. ఇంగ్లండ్‌లో 16 ఆంపుల సైటు అయితే 3,680 వాట్లు కాబట్టి మనకి ఈ స్పృహ ఉండదు.

సగం కాగాక ఎందుకు పోయిందంటారా, ఎంసీబీ (కరెంటు ఎక్కువ లాగితే పడిపోయే మీట) కొంచెం ఎక్కువైతే వెంటనే పడిపోదు. ఏడు ఆంపులు లాగినా చాలాసేపు ఓర్చుకుంటుంది. రెట్టింపైతే నిమిషం లోపో, కొంచెం అటో. అందుకే నిన్న పనిచేసింది కదా అనే ధైర్యం పనికిరాదు.

మా పద్ధతి: అన్నం కరెంటు మీద, టీ గ్యాసు మీద. వ్యానుల కోసం 750 వాట్ల చిన్న కెటిల్ దొరుకుతుంది, కాగేసరికి ఒక సీరియల్ ఎపిసోడ్ అయిపోతుంది గానీ ఫ్యూజు పోదు. మిక్సీ మాత్రం కుక్కర్ ఆగాకే. మా అత్తగారు వచ్చినప్పుడు ఈ నియమం అమలు చేయడం నా వల్ల కాలేదు.

ఇంకొకటి, నా స్వానుభవం. రీలుకి చుట్టిన కేబుల్‌ని చుట్ట విప్పకుండా వాడొద్దు. డిసెంబర్‌లో చలికి ఫ్యాన్ హీటర్ వేసి పడుకున్నాం. సైటు స్తంభం మా వ్యాను పక్కనే, అందుకని మూడు మీటర్లు లాగి మిగతా 22 మీటర్లు రీలు మీదే వదిలేశాను. పొద్దున చూస్తే లోపలి చుట్లన్నీ కరిగి ఒకదానికొకటి అతుక్కుపోయి జిలేబీలా ఉంది. ఫ్యూజు పోలేదు, ఏమీ పోలేదు. రీలు పక్కన స్టిక్కర్ మీద చుట్టి ఉంటే ఎంత, విప్పితే ఎంత అని రెండు అంకెలు రాసే ఉన్నాయి. చదివింది కాలాక.

ఎర్తుపిన్ను | సోమవారం ఉదయం 8:40

జిలేబీ ఫొటో ఉంటే పెట్టండి, మా అప్రెంటిస్‌లకి చూపిస్తాను.

కేబుల్ విషయంలో ఇక్కడి లెక్క: 16 ఆంపుల హుకప్‌కి 2.5 స్క్వేర్ ఎం.ఎం., పొడవు 25 మీటర్లు. అందులో 16 ఆంపులు లాగితే ఏడు వోల్టులు తగ్గుతుంది, ఫర్వాలేదు. తోటపనికి అమ్మే 1.5 నారింజ వైరులో పదకొండున్నర పోతుంది, వైరు వెచ్చబడుతుంది. అందలేదని రెండు కేబుళ్లు కలిపితే ఆ జాయింటు గడ్డిలో, నీళ్లలో పడి ఉంటుంది. వీలైతే వ్యాను జరుపుకోండి.

గోదారిగట్టు గారూ, ఒక పని చేయండి. సైటు స్తంభం దగ్గర ప్లగ్గు పీకేసి, మీ వ్యాను కరెంటు పెట్టె మూత తీయకుండానే ముందు ఏముందో చదివి చెప్పండి. ఎన్ని మీటలు, వాటి మీద ఏం రాసి ఉంది. అలాగే ఆకుపచ్చ-పసుపు చారల వైరు పెట్టెలోంచి వచ్చి వ్యాను రేకుకి ఎక్కడ బిగించారో వెతకండి.

గోదారిగట్టు | సోమవారం మధ్యాహ్నం 1:18

ఒక వెడల్పు మీట, 30 మిల్లీ ఆంపులు అని ఉంది, టెస్ట్ బటన్ ఉంది. పక్కన రెండు సన్నవి, ఒకటి 10, ఒకటి 6.

చారల వైరు దొరకడానికి సీటు కింద అరగంట పాకాను. సీటు బోల్టుకి రింగు వేసి బిగించాడు. వైరు బొటనవేలి గోరంత మందం కూడా లేదు, మా లైట్ల వైరులాగే సన్నగా ఉంది. బోల్టు విప్పి చూస్తే కింద వ్యాను పెయింటు చెక్కుచెదరలేదు. పెయింటు మీదే బిగించేశాడు!

ఎర్తుపిన్ను | సోమవారం మధ్యాహ్నం 1:55

అనుకున్నాను. చేసినవాడి పేరు ఇక్కడ రాయకండి, నాకూ వద్దు. కానీ తిరిగొచ్చాక సరిచేయించాల్సినవి రెండు ఉన్నాయి.

మొదటిది ఆ వైరు. ఛాసిస్‌కి, అంటే వ్యాను ఇనుప చట్రానికి వెళ్లే బాండింగ్ వైరు కనీసం 4 స్క్వేర్ ఎం.ఎం. ఉండాలి, పెయింటు గీకి మెరిసే ఇనుము మీద, ఊడిరాకుండా నట్టుతో బిగించాలి. మరి పెయింటు అడ్డం ఉన్నా జివ్వుమంది కదా అంటారేమో. చీమలకి బోల్టు మరల మధ్య ఆ మాత్రం తగలడం చాలు. నిజంగా ఫాల్ట్ వచ్చి పదుల ఆంపులు పోవాల్సొస్తే ఆ తగలడం నిప్పురవ్వ అవుతుందే గానీ దారి అవదు.

రెండోది ఆ సన్న మీటలు. వెడల్పు మీట ఫేజునీ న్యూట్రల్‌నీ రెంటినీ కట్ చేస్తుంది. సన్నవి ఒక్క వైరునే కట్ చేస్తాయి. ఇంట్లో అయితే చాలు. వ్యానుకి చాలదు, బ్రిటన్ వైరింగ్ ప్రమాణం బీఎస్ 7671లో కారవాన్లూ మోటార్ కారవాన్ల కోసం 721 అని ప్రత్యేక భాగమే ఉంది, ఒక్కో సర్క్యూట్‌కీ రెండు వైర్లూ తెగాలనే చెప్తుంది. ఎందుకంటే ఇంటికి వచ్చే ఫేజు ఎప్పుడూ ఫేజే. వ్యాను ఊరూరూ తిరుగుతుంది, ఏ ఊళ్లో ఏ వైరులో ఫేజు వస్తుందో తెలీదు.

అలా తిరగబడితే ఏమవుతుంది? లైటు వెలుగుతుంది, కుక్కర్ ఉడుకుతుంది, ఏ తేడా తెలీదు. స్విచ్ ఆపితే మాత్రం తెగేది న్యూట్రల్, వస్తువు లోపల ఫేజు అలాగే కూర్చుని ఉంటుంది. ఆఫ్ చేశాను కదా అని హోల్డర్‌లో వేలు పెట్టినవాడికి తెలుస్తుంది. ఆర్‌సీడీ తిరగబడినా మామూలుగానే పనిచేస్తుంది, అదొక ఊరట.

వ్యాన్‌వదిన | సోమవారం మధ్యాహ్నం 2:20

జర్మన్ ప్లగ్గు ఎటు తిప్పి పెట్టినా దూరుతుంది కదా, మరి అక్కడివాళ్లంతా రోజూ తిరగబడే బతుకుతున్నారుగా. ఇంత కంగారు అవసరమా?

ఎర్తుపిన్ను | సోమవారం మధ్యాహ్నం 2:34

మంచి ప్రశ్న. వాళ్ల వ్యాన్లు రెండు వైర్లూ తెగేట్టు కట్టి ఉంటాయి, వాళ్లకి నిజంగానే పట్టింపు లేదు. మీ పెట్టెలో అన్నీ రెండు పోళ్ల (రెండు వైర్లూ తెంపే) మీటలే అయితే మీరూ నిద్రపోవచ్చు. గోదారిగట్టు గారి పెట్టె అలాంటిది కాదు. సరిచేయించేదాకా దేన్నైనా విప్పాలంటే స్విచ్చో, సన్న మీటో ఆపితే చాలదు, వెడల్పు మీట దింపి, స్తంభం దగ్గర ప్లగ్గే పీకాలి.

కనుక్కోవడానికి మూడు లైట్ల సాకెట్ టెస్టర్ చాలు. బ్రిటన్ సాకెట్‌కి సరిపడేది వ్యాను లోపలే గుచ్చి చూడొచ్చు. తిరగబడిందని చూపిస్తే, ఫేజూ న్యూట్రల్ అటుదిటు మార్చిన అరమీటరు నీలం అడాప్టర్ దొరుకుతుంది, అది మధ్యలో వేయాలి. దాని మీద ఎర్ర టేపు కచ్చితంగా చుట్టండి. మామూలుదనుకుని తర్వాతి ఊళ్లో వేస్తే మంచి సాకెట్‌ని మీరే తిరగేసినట్టు. జర్మన్ రకం అయితే ప్లగ్గు తిప్పి పెడితే సరి.

ఆ టెస్టర్‌కీ ఒక గుడ్డితనం ఉంది. ఎర్తు అసలు లేకపోతే చెప్తుంది. ఎర్తు ఉండీ తుప్పు పట్టి పేరుకి మాత్రమే ఉంటే మూడు లైట్లూ చక్కగా వెలిగించి మోసం చేస్తుంది. మన ఊళ్లో జేబుకి పెట్టుకునే స్క్రూడ్రైవర్ టెస్టరైతే ఫేజు ఉందని మాత్రమే చెప్తుంది, ఎర్తు గురించి దానికేమీ తెలీదు.

ఓరుగల్లుబండి | హనుమకొండ | సోమవారం రాత్రి 9:30

అన్నా, మీ ముచ్చట్లన్నీ చదువుతున్న. మా దగ్గర స్తంభాలు లేవ్, నీలం సాకెట్లు లేవ్. నాది ట్రావెలర్ బండి, సీట్లు తీసేసి పరుపు ఏసిన, ఇంటి ఇన్వర్టర్, బ్యాటరీ ఎక్కించిన. లక్నవరం, వికారాబాద్, అరకు దిక్కు పోతం. రిసార్ట్ వాళ్లనో, హోమ్‌స్టే వాళ్లనో అడిగి గీజర్ సాకెట్ల నుంచి వైరు గుంజుకుంటం. 16 ఆంపుల పెద్ద మూడు పిన్నులది. మూడో రంధ్రం ఉంటది గానీ దాని ఎనుక వైరు ఉంటదో ఉండదో దేవునికే ఎరుక.

నాయి రెండు కష్టాలు. ఒకటి, సాయంత్రం కాంగనే వోల్టేజీ 170కి పడిపోతది, ఏసీ మూలుగుతది. రెండు, బండిల ఆర్‌సీసీబీ (మీరు ఆర్‌సీడీ అనేదే) పెట్టించిన, బయటి కరెంటు పెట్టంగనే ఠక్కున పడిపోతది. మా ఎలక్ట్రీషియన్ దాన్ని తీసేద్దామంటున్నడు.

ఇంకో ముచ్చట. కొత్తగ జనరేటర్ కొన్న. బండి బయటి ఇన్‌లెట్ ఖరాబైంది, అందుకని రెండు దిక్కులా ప్లగ్గు పిన్నులే ఉన్న వైరు ఒకటి చేయించుకుని బండి లోపలి సాకెట్ల గుచ్చుదామని అనుకుంటున్న. అన్ని సాకెట్లకు కరెంటు వస్తది కదా?

టెక్సాస్_తాతయ్య | సోమవారం రాత్రి 9:41

బాబూ, ఆ వైరుని ఇక్కడ సూసైడ్ వైరు అంటారు. చేయించకు.

పప్పుచారు | సోమవారం రాత్రి 9:44

అయ్యో వద్దు తమ్ముడూ!!

ఎర్తుపిన్ను | సోమవారం రాత్రి 10:30

తమ్ముడూ, ఒక కొస జనరేటర్‌లో ఉన్నప్పుడు రెండో కొస ఊడొచ్చిందనుకో, నీ చేతిలో బయటికి కనపడే పిన్నుల మీద 230 వోల్టులు. దాన్ని చీకట్లో గడ్డిలో వదిలితే ఎవరు తొక్కుతారో చెప్పలేం. అదే బండికి బయటి కరెంటు కూడా పెట్టి ఉంటే రెండు కరెంట్లూ ఢీకొంటాయి, జనరేటర్ పోతుంది. కరెంటు వచ్చే వైపు ఎప్పుడూ రంధ్రాలు, పుచ్చుకునే వైపు పిన్నులు. నీలం కేబుల్‌లో కూడా అంతే, స్తంభంలోకి పోయే కొసకి పిన్నులు, వ్యానుకి తగిలే కొసకి రంధ్రాలు. ఇన్‌లెట్ కొత్తది వేయించుకో.

ఆర్‌సీసీబీ ఎందుకు పడుతుందో నాకు దాదాపు తెలుసు. మన ఇళ్లలో ఇన్వర్టర్ బిగించేటప్పుడు ఫేజు ఒకటే వేరు చేసి న్యూట్రల్ అందరికీ కలిపేస్తారు. బండిలో కూడా అదే చేసుంటాడు. ఆర్‌సీసీబీ చేసే పనల్లా వెళ్లిన కరెంటు అంతా తిరిగొచ్చిందా అని లెక్క చూడటం. ఇన్వర్టర్ వైపు న్యూట్రల్ దాన్ని తప్పించుకుని పోతుంటే లెక్క తేలదు, పడిపోతుంది. దాన్ని పీకేయడం అంటే తప్పు పట్టుకున్న లెక్కల మాస్టారిని బడిలోంచి తరిమేయడం. ఇన్వర్టర్ న్యూట్రల్, బయటి న్యూట్రల్ రెండూ వేరుగా ఉంచి, రెండు పోళ్ల చేంజోవర్ స్విచ్ వేయమను. అటో ఇటో ఒకటే కలవాలి, మధ్యలో రెండూ ఊడే స్థానం ఉండాలి.

టెక్సాస్_తాతయ్య | సోమవారం రాత్రి 10:48

ఇదే మా దగ్గర ఇంకో రూపంలో వస్తుంది. సొంతంగా కట్టిన వ్యాన్లలో ప్యానెల్ లోపల న్యూట్రల్‌నీ ఎర్తునీ కలిపేస్తారు, ఇంటి మెయిన్ ప్యానెల్‌లో అలా ఉంటుంది కదా అని. ఆర్‌వీలో కలపకూడదు. జీఎఫ్‌సీఐ (మీ ఆర్‌సీడీ లాంటిదే) ఉన్న సాకెట్‌లో పెట్టగానే ఠప్. ఆ కలయిక స్తంభం వెనక ఎక్కడో ఒక్కచోటే ఉండాలి. మంచి ఇన్వర్టర్-చార్జర్ అయితే లోపల రిలే ఉండి, సొంత కరెంటు మీద ఉన్నప్పుడు కలుపుతుంది, బయటి కరెంటు రాగానే విడదీస్తుంది.

ఓరుగల్లుబండి | మంగళవారం ఉదయం 7:15

సమజైంది అన్నా. నిజమే, న్యూట్రల్ ఒక్కటే చేసిండు, రాత్రి చూసిన. మరి ఎర్తు లేని కాడ నేనే ఒక రాడ్డు నేలల కొట్టుకుంటే నడుస్తదా?

ఎర్తుపిన్ను | మంగళవారం ఉదయం 8:02

నడుస్తుంది, ఆర్‌సీసీబీ ఉంటేనే. ఒట్టి రాడ్డు నేలకి పట్టే నిరోధం రాతినేలలో వంద ఓమ్‌లు దాటడం మామూలే. అప్పుడు ఫేజు బండికి తగిలినా 230ని 100తో భాగిస్తే రెండు ఆంపుల చిల్లర పోతుంది. దానికి 16 ఆంపుల ఎంసీబీ ఎందుకు పడుతుంది? రోజంతా అలాగే ఉంటుంది. 30 మిల్లీ ఆంపుల ఆర్‌సీసీబీకి మాత్రం ఆ రెండు ఆంపులు కొండంత, వెంటనే కొడుతుంది. రాడ్డూ ఆర్‌సీసీబీ జంటగానే ఉండాలి. ఇక్కడి క్యాంపుసైట్ స్తంభాల దగ్గర కూడా చాలాచోట్ల చేసేది ఇదే.

170 వోల్టుల దగ్గర ఏసీ నడపకు, కంప్రెసర్ కాలిపోతుంది. నేనైతే హోమ్‌స్టే కరెంటుతో బ్యాటరీ చార్జింగ్ తప్ప ఏదీ చేయను. 90 నుంచి 265 వోల్టుల దాకా తీసుకునే చార్జర్లు ఉన్నాయి, అవి మూడు నాలుగు వందల వాట్లతో రాత్రంతా నింపుతాయి. ఎవరి గీజర్ వైరింగూ వేడెక్కదు. వాడుకునేది బ్యాటరీ నుంచి వాడుకో.

గోదారిగట్టు గారికీ ఇదే మాట. 6 ఆంపుల చోట ఇన్‌పుట్ పరిమితి పెట్టుకునే ఇన్వర్టర్-చార్జర్ ఉంటే స్తంభం నుంచి 5 ఆంపులే లాగమని చెప్పొచ్చు, కెటిల్ వేసినప్పుడు తక్కువైంది బ్యాటరీ కలుపుతుంది. విక్ట్రాన్ మల్టీప్లస్ లాంటివి చేస్తాయి. ఖరీదే అనుకోండి. గ్యాసు మీద టీ చవక.

పప్పుచారు | మంగళవారం ఉదయం 8:30

నాదొక ప్రశ్న అన్నయ్యా. ఇంటి ముందు డ్రైవ్‌వేలో ఉన్నప్పుడు వంటింటి సాకెట్ నుంచి 13 ఆంపుల అడాప్టర్‌తో వ్యానుకి ఇస్తున్నాం. అది మంచిదేనా? మా ఆయన మంచిదే అంటున్నాడు, అందుకే అనుమానం.

ఎర్తుపిన్ను | మంగళవారం ఉదయం 9:10

ఇక్కడ చాలా ఇళ్లకి ఎర్తు వీధిలోని న్యూట్రల్ తోనే కలిపి వస్తుంది, పీఎంఈ అంటారు. వీధిలో ఆ ఉమ్మడి వైరు తెగితే ఇంటి ఎర్తు మొత్తం ఫేజు వైపు పైకి లేస్తుంది. ఇంటి లోపల అన్నీ కలిసే లేస్తాయి కాబట్టి రెండు వస్తువుల మధ్య తేడా ఉండదు. బయట నేల మీద కాళ్లు, చేతిలో వ్యాను తలుపు, అక్కడ ఉంటుంది తేడా. ఆర్‌సీడీ ఎర్తు వైరుని కట్ చేయదు కాబట్టి దీనికి అది పనికిరాదు. అందుకే 2002 నాటి ఇక్కడి సరఫరా నిబంధనలు ఆ ఎర్తుని కారవాన్ల లోహభాగాలకు కలపకూడదంటాయి. సైట్లు వేరే రాడ్డు వేసుకునేది కూడా అందుకే.

అరుదైన ఫాల్టే. మా ఇంట్లో మాత్రం బయట విడిగా నీలం సాకెట్ పెట్టి, దానికి ఇంటి ఎర్తు తగలకుండా రాడ్డూ, సొంత ఆర్‌సీడీ వేశాను. మీ ఆయనకి సగం మార్కులు వేయండి.

గోదారిగట్టు | శనివారం రాత్రి 8:50

నాలుగు రోజులుగా దారిలో ఉన్నాం, ఇప్పుడే సిగ్నల్ దొరికింది. ఇప్పటిదాకా జరిగింది:

పెయింటు గీకేశాను, హార్డ్‌వేర్ షాపులో 4 స్క్వేర్ వైరు, రింగులు కొని విడిగా ఒక బోల్టు వేశాను. సీటు బోల్టుని వదిలేశాను. పెట్టె లోపల మాత్రం చెయ్యి పెట్టలేదు, ఇంటికెళ్లాక మీలాంటివాళ్ల చేత రెండు పోళ్ల మీటలు వేయిస్తాను. టెస్టర్, తిరగేసే అడాప్టర్ ఒక క్యాంపింగ్ షాపులో దొరికాయి. ఎర్ర టేపు దొరక్క మా అమ్మాయి నెయిల్ పాలిష్ పూశాను.

ఇప్పుడు పద్ధతి ఇదీ: వెడల్పు మీట దించి ఉంచుతాను, కేబుల్ మొత్తం చుట్ట విప్పుతాను, ముందు వ్యాను కొస, తర్వాత స్తంభం కొస. వానొస్తే నీళ్లు ప్లగ్గులోకి కారకుండా కేబుల్‌ని వ్యాను దగ్గర కిందికి వేలాడేసి ఉంచుతాను. మీట ఎత్తి, టెస్టర్ గుచ్చి, టెస్ట్ బటన్ నొక్కి, ఆ తర్వాతే కుక్కర్. వెళ్లేటప్పుడు స్తంభం కొస ముందు పీకుతాను.

మూడు సైట్లలో రెండు బాగున్నాయి. ఒకటి తిరగబడింది, నెయిల్ పాలిష్ అడాప్టర్ వేస్తే సరైంది. నిన్న దారిలో మళ్లీ ఒక పొలం తగిలింది. ఈసారి గోడ మీద పిన్ను ఉన్న సాకెట్. ధైర్యంగా పెట్టాను, టెస్టర్ ఎర్తు లేదంది! పిన్ను ఉంది, వెనక వైరు లేనట్టుంది. పీకేసి ఓనరమ్మకి సైగలతో చెప్పాను. ఆవిడ భుజాలెగరేసి, కరెంటు డబ్బులు వద్దని వెనక్కిచ్చి, ఒక గంప చెర్రీలు చేతిలో పెట్టింది. రాత్రి బ్యాటరీ మీద ఫ్రిజ్, గ్యాసు మీద అన్నం. కొంచెం మాడింది.

వ్యాన్‌వదిన | శనివారం రాత్రి 9:06

చెప్పడం మర్చిపోయాను. సోమవారమే టెస్ట్ బటన్ నొక్కాను. పడలేదు. ఐదుసార్లు నొక్కాను, కదల్లేదు. రేపు కొత్తది వేయిస్తున్నాను.

ఎర్తుపిన్ను | శనివారం రాత్రి 9:11

వేయించేదాకా హుకప్ పెట్టకమ్మా.

పప్పుచారు | శనివారం రాత్రి 9:15

గోదారిగట్టు గారూ, గ్యాసు మీద అన్నానికి నీళ్లు ఎన్ని పోశారు?